మళ్లీ అడిగే లైను

కుయ్‌మని ఒక కూత. ఆగింది. మళ్లీ కుయ్. ఈసారి ఆగలేదు. సన్నగా, సాగదీసి, గోడ లోపలి నుంచి ఎవరో పిలుస్తున్నట్టు మోగుతూనే ఉంది.

గిన్నెలు తోముతున్న ఆమె చేతులు సబ్బు నురుగులో అలాగే నిలిచిపోయాయి.

“నీ రెండో కాపురం పిలుస్తోంది, వెళ్లు,” అంది హాల్లోంచి అత్తగారు. “గిన్నెలు ఎక్కడికీ పోవులే. పైగా అవి నోరు మూసుకుని ఉంటాయి.”

చేతులు తుడుచుకుంటూ ఆమె మెట్ల కింది గదిలోకి వంగి దూరింది. చీపుళ్లు, పాత చెప్పులు, విరిగిన గొడుగు, వాటి నడుమ మూత లేని ఒక కంప్యూటర్. అది పని చేస్తూ చేస్తూ కుప్పకూలితే అరవడానికి ఆమే దానికి ఒక చిన్న బజర్ తగిలించింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు అరిస్తే ఎక్కువ. ఇప్పుడు దాని తెర మీద తెల్లటి అక్షరాలు గడ్డకట్టుకుపోయి ఉన్నాయి. ఆమె బజర్ తీగ లాగేసింది. ఆ నిశ్శబ్దం కూతకంటే గట్టిగా వినిపించింది.

ఆమెది కాపలా పని. యంత్రంలో అన్నిటికంటే లోపల, వాడేవాడి చూపు ఎన్నడూ ఆనని అడుగున, కెర్నల్ ఉంటుంది. నెట్‌లోంచి వచ్చే ప్రతి మాటా చిన్న చిన్న ప్యాకెట్లుగా విడివడి దాని గుమ్మానికి చేరుతుంది. ప్రతి ప్యాకెట్‌నూ అక్కడ ఆపి, ఎవరు నువ్వు, ఎక్కడి నుంచి, ఎవరి కోసం అని అడిగి, రావలసినదాన్ని రానిచ్చి, రాకూడనిదాన్ని చప్పుడు కాకుండా పారవేసే కోడ్ ఒకటి ఉంటుంది. దాన్ని రాసింది ఆమె. రాయడం రెండు చలికాలాల పని. బాగుచేస్తూ ఉండడం మాత్రం ఆనాటి నుంచి ఈనాటి దాకా తెగని పని. అది ఎవరైనా ఉచితంగా తీసుకోగల కోడ్. తీసుకున్నవాళ్లు తీసుకున్నారు, మార్పులు పంపేవాళ్లు మెయిల్లో పంపారు. ఆమె చదివేది, నసిగేది, తిరగ్గొట్టేది, చివరికి సరే అనేది. ఆమె సరే అనకుండా ఒక్క అక్షరం కూడా లోపలికి పోదు. ఆ మెయిళ్ల లోకంలో ఆమె ‘కావలి’. తొలి రోజుల్లో సిగ్గుపడి పెట్టుకున్న మారుపేరు అది. “కావలి సార్‌కి నమస్కారం” అని ఉత్తరాలు వచ్చేవి. ఆమె దిద్దలేదు. దిద్దాలంటే ముందు మాట్లాడాలి కదా.

ఆ ఉదయం వచ్చిన మెయిల్లో మాత్రం నమస్కారం కూడా లేదు. ఏదో ఊరి నీటి సరఫరా కార్యాలయంలో నెట్‌వర్క్ చూసుకునే మనిషి రాశాడు: మీ కంచె చేను మేస్తోంది. ప్యాకెట్లను ముక్కలు చేసి ఒక పద్ధతిలో పంపితే, రాకూడనివి కూడా లోపలికి వచ్చేస్తున్నాయి. ఒక్కోసారి యంత్రమే కూలుతోంది. మందు తయారయ్యేదాకా ఎవరికీ చెప్పను, తొందరగా చూడండి. అలా ముక్కలు పంపే చిన్న ప్రోగ్రామ్‌ను కూడా జతచేశాడు. దాన్ని మెట్ల కింది యంత్రం మీద వదిలి, ఆమె గిన్నెలు తోమడానికి వెళ్లింది. పడదనే నమ్మకంతోనే వెళ్లింది.

ఇప్పుడిక ఎప్పటి నుంచి పడుతోందో తేల్చాలి. ఆ కోడ్ పాత రూపాలను తవ్వి తీసి, వాటిని సగానికి సగం కోసుకుంటూ పోయింది. ఇది పడిందా, అయితే ఇంకా వెనక్కి. ఇది నిలిచిందా, అయితే కాస్త ముందుకి. కుయ్, నిశ్శబ్దం. కుయ్, నిశ్శబ్దం. అత్తగారు టీవీ శబ్దం పెంచింది. మధ్యాహ్నం ఎండ మెట్ల సందుల్లోంచి చారలుగా దిగేసరికి అనుమానం ఒకే ఒక్క మార్పు మీద ఆగింది. రెండేళ్ల కిందటి మార్పు. రాసినవాడు మరిది. సరే అన్నది తనే.

ఆ మార్పులో అతను ఒకే ఒక్క లైను తీసేశాడు.

కెర్నల్ పనిలో ఒక చిక్కుంది. ముక్కలుగా వచ్చిన ప్యాకెట్ కుదురుగా పట్టకపోతే, కెర్నల్ దాన్ని ఉన్నచోటు నుంచి లేపి మరింత పెద్ద చోటికి మారుస్తుంది. ఇల్లు మారిన మనిషి కోసం పాత గుమ్మంలో నిలబడితే ఏమవుతుంది? తలుపు తీసేది ఇంకొకడు. అందుకే చోటు మారే అవకాశం ఉన్న ప్రతిసారీ, ఆ వెంటనే, నువ్వు ఇప్పుడు ఎక్కడున్నావు అని ప్యాకెట్‌ను మళ్లీ అడగాలి. మొదట అడిగిన లైనూ, మళ్లీ అడిగే లైనూ అక్షరం తేడా లేకుండా ఒకటే. నాలుగు వరుసల ఎడంలో, కవల పిల్లల్లా. చూసేవాడికి రెండోది దండగలా కనిపిస్తుంది. ఆ రెండోది ఎందుకుందో పక్కన ఒక్క ముక్క రాసి ఉంచలేదు ఆమె. తెలిసినవాళ్లకు తెలుస్తుందిలే అనుకుంది.

ఆసుపత్రి వరండా గుర్తుకొచ్చింది. అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న రోజు. లోపల ఆపరేషన్, బయట ఇనుప కుర్చీలు. పక్కన మరిది. “వదినా, కూర్చుని కూర్చుని పిచ్చెక్కుతోంది, ఇది చూడు,” అంటూ ఫోన్ అందించాడు. “దండగ లైను ఒకటి పీకేశా. మా కంపెనీ అమ్మే పెట్టెల వేగం ఎంత పెరిగిందో తెలుసా?” ఆమె చూసింది. శుభ్రంగా ఉంది. తను దిద్దించిన చేతిరాత అది. పెళ్లై వచ్చిన కొత్తలో, లెక్కలంటే పారిపోయే ఆ పిల్లవాణ్ని మొగుడి కళ్లజోళ్ల దుకాణంలో కూర్చోబెట్టి, అద్దాల పవర్ లెక్కగట్టే ప్రోగ్రామ్‌తో అక్షరాభ్యాసం చేయించింది తనే. ఇంటికెళ్లి మెట్ల కింది యంత్రం మీద నడిపి చూడాలి, అది నియమం. పరాయివాడైతే నడిపి చూసేదే. ‘సరే’ అని ఆ కుర్చీలోంచే పంపేసింది. అప్పుడే డాక్టర్ బయటికి వచ్చాడు, అందరూ లేచారు.

ఫోన్ చేసింది.

“వదినా! నూరేళ్లు నీకు. ఇప్పుడే నీ గురించి అనుకుంటున్నాం.”

“ఎవరెవరు?”

“నేనొక్కణ్నే. కానీ ఇక్కడ ఒక్కడున్నా ‘మేము’ అనే అనాలట, మేనేజర్లకు అదో జబ్బు.”

నవ్వు రాలేదు ఆమెకు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అవతల కుర్చీ కిర్రుమన్న శబ్దం, తలుపు మూసిన శబ్దం.

“ఫోన్లో వద్దు. వస్తున్నా.”

వెలుగుండగానే వచ్చాడు. తల్లి చేత బుగ్గలు నిమిరించుకుని, మెరిసే బూట్లు విప్పకుండానే మెట్ల కింది గదిలోకి తల వంచాడు. అతను పని చేసే కంపెనీ కార్యాలయాలకు కాపలా పెట్టెలు అమ్ముతుంది. పైన ఇనుము వాళ్లది, లోపల కోడ్ ఆమెది. తెర మీద ఆ నాలుగు వరుసలూ చూశాడు. వివరించాల్సిన అవసరం రాలేదు. తెలివిగలవాడు.

“నేనే తీశానా?”

“నువ్వే తీశావు. నేనే సరే అన్నాను.”

“రెండూ ఒకేలా ఉన్నాయి వదినా. నువ్వే కదా నాకు నేర్పింది, రాసిన మాటే మళ్లీ రాసేవాడికి మొదటిసారి తన మాట మీద తనకే నమ్మకం లేదని.”

“నేర్పాను.”

“మరి?”

“అది మనుషుల సంగతి. ప్యాకెట్ల సంగతి కూడా నేర్పి ఉండాల్సింది.”

అతను గడప మీద చతికిలబడ్డాడు. కాసేపు గొడుగు పుల్లలు లెక్కపెడుతున్నట్టు చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“మందు వేసేటప్పుడు ఏం రాస్తావు?”

అదీ అసలు ప్రశ్న. ఆ లోకంలో ఒక కట్టుబాటుంది. తప్పు దిద్దే ప్రతి మార్పుతో పాటు, ఆ తప్పు ఏ మార్పుతో వచ్చిందో కూడా రాయాలి. అది చూసే, తమ దగ్గరున్నది చెడ్డదో మంచిదో అందరూ తేల్చుకుంటారు.

“నీ మార్పుతో వచ్చిందని రాస్తాను.”

“మొదటి నుంచీ ఉందని రాయి.”

ఆమె అతని వంక చూసింది.

“అలా చూడకు వదినా. పుట్టుమచ్చ లాంటిది, ఇన్నాళ్లకు కనపడింది, తీసేశాం. అంతే కదా? వచ్చేవారం విభాగం మొత్తం నా చేతికి ఇస్తున్నారు. ఇప్పుడు అక్కడ నా పేరు పడితే నా కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు.”

“పాత రూపం వాడుతున్నవాళ్లున్నారు. వాళ్ల తలుపు గట్టిదే. మొదటి నుంచీ పుచ్చిందని నేనంటే, దాన్ని పీకి పారేస్తారు.”

“పారేసి కొత్తది పెట్టుకుంటారు. ఎవడి సొమ్మేం పోయింది?”

“నేను రాసింది మొదటి నుంచీ పుచ్చిందే అని నన్నే రాయమంటున్నావు.”

“నీకేం పోతుంది?” అన్నాడు ప్రేమగానే. “బయట నువ్వు ఎవరికి తెలుసు? కావలి అంటే ఏ గడ్డం పెంచుకున్న పెద్దాయనో అనుకుంటున్నారు జనం. ఆ గడ్డానికి మచ్చ పడితే ఎవరిక్కావాలి? నాకైతే ముఖం ఉంది.”

“నీ పెట్టెల్లో ఉన్నది నా కోడే కదరా.”

“ఎవరు కాదన్నారు?”

“ఎవరూ కాదనలేదు. ఎవరూ ఔననలేదు కూడా.”

అతనికి ఆ మాట తగిలిందో లేదో. లేచి బూట్ల దుమ్ము దులుపుకున్నాడు.

భోజనాల దగ్గర మాట మళ్లీ లేచింది. కళ్లజోళ్ల భర్త మెత్తటి మనిషి. ఎవరి కంటికి ఏ అద్దం నప్పుతుందో చెప్పగలడు. ఎవరి వైపు చూడాలో మాత్రం తేల్చుకోలేడు.

“గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?” అన్నాడు కంచంలోకి చూస్తూ.

“గోరు ఎవరిది?” అంది ఆమె.

“అబ్బ, ఇంట్లో మనుషులమే కదా. తిలాపాపం తలా పిడికెడు.”

“నా పిడికెడు నేను రాస్తున్నాను. వాడి పిడికెడు కూడా నా దోసిట్లోనే పోయమంటున్నాడు మీ తమ్ముడు.”

“చూశావా అన్నయ్యా, కవిత్వం మొదలుపెట్టింది,” అన్నాడు మరిది. “వదిన కవిత్వంలోకి దిగిందంటే ఇక చర్చల్లేవు.”

అందరూ అత్తగారి వైపు తిరిగారు. ఆవిడ మజ్జిగ గ్లాసు పక్కకు జరిపింది.

“నన్నడక్కండి. వాడు నా కడుపున పుట్టాడు. ఈ పిల్ల, నేను కదల్లేని మూడు నెలలూ నన్ను ఎత్తి కూర్చోబెట్టింది. నేనెవరి పక్షం చెప్పినా నా నోట్లో పురుగులు పడతాయి.” గ్లాసులోకే చూస్తూ అంది, “అయినా చిన్నవాడు కదమ్మా.”

నలభైకి దగ్గరపడ్డ చిన్నవాడు తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. కోడలు లేచి తన కంచం తీసింది.

మర్నాడు పొద్దున, ఇల్లు పనుల్లోకి జారుకున్నాక, ఆమె రాయడానికి కూర్చుంది. తీసేసిన లైనును తిరిగి దాని చోట పెట్టింది. దాని నెత్తిన, ఇన్నేళ్లూ రాయని మాట రాసింది: ప్యాకెట్ చోటు మారి ఉండవచ్చు, పాత చిరునామా నమ్మవద్దు, మళ్లీ అడుగు. మెట్ల కింది యంత్రం మీద నీటి సరఫరా మనిషి పంపిన ముక్కలన్నీ గుప్పించింది. అది కిక్కురుమనలేదు. రాకూడనిది ఒక్కటీ లోపలికి రాలేదు.

ఇక పక్కన రాయవలసిన నోట్. తప్పు ఏ మార్పుతో వచ్చిందో రాసింది. ఆ మార్పుకు ఉన్న గుర్తు వేస్తే చాలు, రాసినవాడి పేరు దానంతటదే వస్తుంది. వేసింది. వేలు కాసేపు ఆగింది. అంతటితో ఊరుకుంటే చాలు, కట్టుబాటు తీరుతుంది. కానీ వాడొక్కణ్నే గుమ్మంలో నిలబెట్టి తను తలుపు చాటున ఉండడం ఆమెకు చేతకాలేదు. ఇంకో రెండు వాక్యాలు చేర్చింది. “ఈ మార్పును పరీక్షించకుండా ఆమోదించాను. ఆ లైను ఎందుకు ఉందో రాసి ఉంచకపోవడం కూడా నా తప్పే.” కింద ‘కావలి’ అని పెట్టింది. మొదట తనతో కలిసి ఆ కోడ్ చూసే నలుగురికీ, వాళ్లు చూసి ఒప్పుకున్నాక అందరికీ పంపింది.

మరిది ఫోన్ చేయలేదు. ఆమె చేస్తే ఎత్తలేదు. విభాగం అతని చేతికి వచ్చిందో లేదో అన్నదమ్ములిద్దరూ ఆమె ముందు మాట్లాడుకోవడం మానేశారు. ఈలోగా సంగతి పొక్కింది. పెట్టెలు కొన్న కార్యాలయాలన్నీ గగ్గోలు పెట్టాయి. కంపెనీ పత్రికలవాళ్లను పిలిచింది.

ఆ సమావేశాన్ని నెట్‌లో చూపిస్తున్నారని భర్తే చెప్పాడు. దుకాణంలో కళ్లజోళ్ల ప్రకటనలు వేసే పెద్ద తెర మీద పెట్టాడు. మధ్యాహ్నం, బేరాలు లేని వేళ. గోడల నిండా మనుషులు లేని కళ్లజోళ్లు, బల్లల మీద నిలువుటద్దాలు. అత్తగారికి స్టూలు వేశారు. ఆవిడ అరలోంచి ఒక నల్ల జోడు తీసి పెట్టుకుని, “ఇందులో వాడు ఇంకా బాగున్నాడు,” అంది.

తెర మీద మరిది బాగానే ఉన్నాడు. కొత్త కోటు, పక్కన నీళ్ల సీసా. జరిగినదానికి విచారం తెలిపాడు, మందు సిద్ధమైందని చెప్పాడు. మందు వేసింది ‘మేము’ అన్నాడు. ఆమె కదల్లేదు. ఆ ‘మేము’ సంగతి ఆమెకు తెలిసిందే.

ఒక విలేకరి లేచింది. “లోపం ఎక్కడ పుట్టింది?”

“మేము బయటి నుంచి తీసుకునే కోడ్‌లో అండి.”

“ఆ మార్పు మీరే రాశారని నోట్‌లో ఉంది కదా.”

మరిది సీసా మూత తిప్పాడు, తాగలేదు. ఔను, నేనే, అని ఒక్క మాట. ఆ ఒక్క మాట అంటే, అన్నం తింటున్నా నిద్రపోతున్నా తనను తొలిచేస్తున్నదంతా దిగిపోతుందని ఆమెకు అనిపించింది. వాడంటాడనే అనుకుంది. తన చేతుల్లో అక్షరాలు దిద్దినవాడు.

“అవునండి, రాశాను,” అన్నాడు మరిది. ఆమె కళ్లు చెమ్మగిల్లబోయాయి. “అయితే ఒక్క మాట చెప్పాలి. మార్పులు రోజూ ఎందరో రాసి పంపుతారు. మనుషులం, పొరపాట్లు చేస్తాం. అందుకే గుమ్మంలో ఒక మనిషి ఉంటారు. ప్రతిదాన్నీ పరీక్షించి, మంచిదైతేనే రానివ్వడం వాళ్ల పని. ఈ మార్పును పరీక్షించలేదని వాళ్లే ఒప్పుకున్నారు. అదే నోట్‌లో ఉంది, దయచేసి మొత్తం చదవండి.”

ఒక్క అబద్ధం లేదు. ప్రతి ముక్కా ఆమె రాసిందే. వాడు కాస్త అటు తిప్పి పట్టుకున్నాడు, అంతే. అద్దం కోసేవాడి ఇంట్లో పుట్టినవాడు కదా.

“వాడేమంటున్నాడు?” అంది అత్తగారు.

విలేకరి కూర్చోలేదు. “ఆ నోట్ కింద ‘కావలి’ అని ఉంది. అది ఎవరు? అసలు అలాంటి మనిషి ఉన్నారా, లేక తప్పు తోసేయడానికి మీరు కల్పించారా?”

హాల్లో నవ్వులు. వెనక వరుసలో ఎవరో ఏదో అన్నారు, మళ్లీ నవ్వులు. మరిది ముఖం ఎర్రబడింది. చిన్నప్పుడు లెక్క తప్పితే కూడా అలాగే ఎర్రబడేది.

“చెప్పడులే,” అన్నాడు భర్త, సగం లేచి. “మనింటి మనిషిని... చెప్పడు.”

పదహారేళ్ల వయసు నుంచి వాడు ఆమెను వదినా అనే పిలిచాడు. పెళ్లిళ్లలో, ఆసుపత్రుల్లో, కంపెనీ విందుల్లో, ‘మా వదిన’ అనే చెప్పాడు. అంతకు మించి అవసరం రాలేదు. ఇప్పుడు అవసరం వచ్చింది. అది వాడి కళ్లలో కనిపించింది. దుకాణంలోని అద్దాలన్నిటిలోనూ వాడే ఉన్నాడు, అన్నిటిలోనూ పెదవులు విప్పుతున్నాడు.

“కల్పించడమేమిటండి, మనిషి ఉన్నారు,” అన్నాడు. మైకు దగ్గరికి వంగాడు, అందరికీ స్పష్టంగా వినపడాలని. “నాకు బాగా తెలిసిన మనిషే. ఆవిడ పేరు హైమవతి.”